ఇరవై బన్నుల పరీక్ష

కొత్తగా శిక్షణ కాలేజీల్లో పనికి చేరుతున్న అమ్మాయిలు, అబ్బాయిలు నన్ను కలిసినప్పుడు ఒకటే అడుగుతారు. "ఆంటీ, చదువులో వెనకబడిన పిల్లలకు మీరు చాలా సాయం చేశారంట కదా, ఎలా చేసేవారు?" అని. నేను నవ్వి మాట మార్చేస్తాను. చేసిన సాయాలు లేకపోలేదు. కానీ అడగగానే ముందుగా గుర్తొచ్చేది సాయం కాదు, ఒక పిల్ల ముఖం. ఆ ముఖం గుర్తొస్తే ఇప్పటికీ ఎదుటివాళ్ల కళ్లలోకి చూడలేను. అందుకే ఈసారి మాట మార్చకుండా ఆ ఒక్క సంగతే రాస్తున్నాను.

నేను మలేషియాలో పుట్టినదాన్ని. మా తాతలు కొబ్బరి తోటల్లో పనికి వచ్చినవాళ్లు. తోట బడిలో నాలుగో తరగతితో నా చదువు ఆగింది. తెలుగు అక్షరాలు నాయనమ్మ పెట్టిన భిక్ష. పెళ్లయ్యాక సింగపూరు వచ్చి, ఆంగ్ మో కియోలో ఒక రొట్టెల ఫ్యాక్టరీలో చాలా ఏళ్లు పిండి పిసికాను. అక్కడ మా ముసలి యజమాని తూకం మిషను కొననే లేదు. గోడకు మేకులు కొట్టి రేకు మగ్గులు వేలాడదీసేవాడు. పెద్ద మగ్గు మైదాకి, చిన్నది పంచదారకి. ఉప్పు పిడికిలితో, ఈస్టు మూడు వేళ్లతో. ఆ లెక్కతోనే వేల రొట్టెలు చేశాం. ఆ మగ్గులు పట్టిన చేతులు చూసే, ఆ తరవాత ఒక వృత్తి కాలేజీలో బేకరీ వర్క్‌షాపుకి అటెండెంటుగా తీసుకున్నారు.

నా పని చెప్పుకోడానికి పెద్దగా ఏమీ లేదు. పొద్దున్నే స్టోరు తెరవాలి, మైదా బస్తాలు దింపించాలి, పిండి కలిపే మిషన్లు కడగాలి, ఓవెన్లు వేడెక్కించాలి. ఒక్క పని మాత్రం ముఖ్యమైనది. పిల్లలు స్టోరు కౌంటరు దగ్గరికి వచ్చి ఎన్ని గ్రాములు కావాలో నోటితో చెప్పాలి. నేను తూకం మిషను మీద అంత పోసి ఇవ్వాలి. దీన్ని మేము 'స్టోరు అడగడం' అనేవాళ్లం. మామూలు రోజుల్లో ఎనిమిది బన్నుల కొలతలు గోడ మీద రాసే ఉండేవి కాబట్టి ఎవరికీ కష్టం లేదు. పరీక్ష రోజు మాత్రం ఎన్ని బన్నులు చేయాలో అప్పటికప్పుడు చీటీ తీసి చెబుతారు. ఆ లెక్క పిల్లలే కట్టుకోవాలి, కౌంటరులో ఉన్నవాళ్లు చెప్పకూడదు.

మిషను మీద అంకెలు నేను చదవగలను. ఎవరైనా నాలుగు వందలంటే నాలుగు వందలు పోసిస్తాను. కానీ ఎనిమిదికి నాలుగు వందలైతే ఇరవైకి ఎంత అని అడిగితే మాత్రం నాకు రాదు. ఆ సంగతి అక్కడ ఎవరికీ తెలియదు. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

మా పెద్ద మాస్టారు హైదరాబాదు ముస్లిం. పెద్ద హోటళ్లలో చేసి వచ్చిన చెఫ్. నాతో మాట్లాడేటప్పుడు మాత్రం ఇంట్లో తమ్ముడిలా తెలుగులో మాట్లాడేవాడు. మా దగ్గరికి వచ్చే పిల్లల్లో సగం మంది స్కూల్లో అందరికంటే చివర మిగిలినవాళ్లే. అద్దె ఫ్లాట్లలో ఉండేవాళ్లు, తమ్ముళ్లకు వండిపెట్టి వచ్చేవాళ్లు, లెక్కలంటే గుండె దడ పుట్టేవాళ్లు. అలాంటివాళ్ల కోసమని చెఫ్ సారు పైవాళ్లతో పోట్లాడి, క్లాసులయ్యాక పై అంతస్తులో లెక్కల క్లాసు ఒకటి పెట్టించాడు. ఒక చైనా కుర్ర మాస్టారు చెప్పేవాడు.

ఆ ఏడాది వచ్చిన పిల్లల్లో ఒక తెలుగమ్మాయి ఉంది. పదిహేడేళ్లు. వాళ్ల తాతలు కూడా మాలాగే తోటలవాళ్లు. తండ్రి లేడు. తల్లి క్రాంజీలో కూలీల హాస్టళ్లు శుభ్రం చేసే పని. పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి గాని ఇల్లు చేరదు. ఆ పిల్ల చేతిలో పిండి పడితే చూడాలి! మెత్తగా, పట్టు జారకుండా, చంటిబిడ్డ బుగ్గలా వచ్చేది. ఇన్నేళ్లలో అలాంటి చేతులు నేను రెండో జత చూడలేదు.

ఆమె పేరు కూడా లెక్కల క్లాసులో వేశారు. రెండు రోజులు వెళ్లింది. మూడో రోజు మెట్ల దగ్గర తోటి కుర్రాడొకడు, "ఏయ్, కిండర్‌గార్టెన్ బెల్ కొట్టారు లా, మిల్క్ బాటిల్ తెచ్చుకున్నావా?" అని అరిచాడు. సింగపూరు పిల్లల మాట చివర ఆ 'లా' తగలాల్సిందే. ఈ పిల్ల గిరుక్కున వెనక్కి తిరిగి, నేరుగా నా వర్క్‌షాపులోకి వచ్చి గిన్నెలు తుడవడం మొదలుపెట్టింది.

"ఏటమ్మా, క్లాసు లేదా?" అన్నాను.

"నాకు తలనొప్పి ఆంటీ. ఇక్కడే ఉంటాను, కెన్, సరేనా?"

"లెక్కలంటే తలనొప్పా, ఆ కుర్రాడంటేనా?"

"రెండూ లా," అంది. నవ్వేసింది. నేనూ నవ్వాను.

అక్కడే నేను చేయి పట్టుకుని మెట్లెక్కించి ఉండాల్సింది. అలా చేయలేదు. "సరే రా, నేను నేర్పుతాను," అన్నాను. నా సంచీలోంచి పాత రేకు మగ్గు తీశాను. ఫ్యాక్టరీ మూసేసిన రోజు తెచ్చుకున్నది. ఎనిమిది బన్నులకు మగ్గు నిండా మైదా, పదహారుకి రెండు మగ్గులు. ఉప్పు ఇంత, ఈస్టు ఇంత, అని వేళ్లతో చూపించాను. ఆ పిల్ల కళ్లు వెలిగిపోయాయి. జీవితంలో మొదటిసారి ఎవరో చెప్పినది ఒక్కసారికే అర్థమైందట, నాతో అంది. అది విని నాకెంత గర్వం వేసిందో ఇప్పుడు రాయాలంటే వేళ్లు ముడుచుకుంటున్నాయి.

తరవాత రోజూ అంతే. పైన క్లాసు జరుగుతుంటే కింద మేమిద్దరం పిండి పిసికేవాళ్లం. వేడి బన్ను విరిచి వెన్న రాసి పెట్టేదాన్ని. ఇంటి కబుర్లు, తోటల కబుర్లు చెప్పుకునేవాళ్లం. ఆమె ఇంగ్లీషులో మొదలుపెట్టి తెలుగులో ముగించేది. నేను తెలుగులో మొదలుపెట్టి మలయి భాషలో ముగించేదాన్ని. ఒకరోజు చెఫ్ సారు తలుపు దగ్గర నిలబడి చూశాడు.

"అక్కా, ఈ పిల్ల పైన ఉండాలె కదా?"

"దీని చేతులు చూడండి సార్. ఈ చేతులకు లెక్కలెందుకు?"

"చేతులు మంచిగనే ఉన్నయి. గని పరీక్షల చేతులు అడగరు అక్కా, గ్రాములు అడుగుతరు."

"అది నేను చూసుకుంటాలెండి," అన్నాను. ఆయన నన్ను నమ్మాడు. ఆ నమ్మకం కూడా నా లెక్కలోనే రాసుకోవాలి.

పరీక్ష దగ్గర పడింది. పాసైనవాళ్లలో ఒకరిని ఒక పెద్ద హోటలు బేకరీలోకి ఆరు నెలల పనికి తీసుకుంటామన్నారు. పని నేర్పుతారు, జీతమిస్తారు, బాగుంటే అక్కడే ఉంచుకుంటారు. ఆ చోటు ఈ పిల్లదేనని చెఫ్ సారు మనసులో అనుకుంటున్నట్టు మా అందరికీ తెలుసు. ఆమె తల్లి అయితే క్రాంజీ పని మానేసే మాట కూడా మొదలుపెట్టిందట. మోకాళ్లు అరిగిపోయాయి పాపం.

అప్పుడే ఒక సాయంత్రం పిండి పిసుకుతూ ఆ పిల్ల అడిగింది. "ఆంటీ, ఎనిమిదికి ఒక మగ్గు, పదహారుకి రెండు. మరి చీటీలో ఇరవై వస్తే? గ్రాముల్లో ఎలా చెప్పాలి?"

నా చేతులు ఆగిపోయాయి. నాకు తెలియదమ్మా అనాల్సింది. అంటే అయిపోయేది. కానీ అంతవరకు నన్ను గురువులా చూస్తున్న పిల్ల ముందు ఆ మాట నోటికి రాలేదు. "అంత దూరం ఆలోచించకు. పిండే చెబుతుంది నీకు," అన్నాను. ఏదో పెద్ద రహస్యం చెప్పినట్టు తల కూడా ఊపాను. ఆమె సరేనంది.

పరీక్ష రోజు బయటి నుంచి ఒక మేడం వచ్చింది. నెమ్మదైన మనిషి, తెల్ల కోటు, పక్కన చిన్న మంచినీళ్ల సీసా. చీటీ తీసి చదివింది. ఇరవై.

పిల్లలు ఒక్కొక్కరే కౌంటరు దగ్గరికి వస్తున్నారు. పైన క్లాసుకు వెళ్లిన మలయి పిల్ల ఒకామె వేళ్ల మీద లెక్కపెట్టి, పెదవులు కదిపి, తడుముకుంటూనే అయినా అన్నీ చెప్పింది. నేను పోసిచ్చాను. తరవాత మా పిల్ల వచ్చింది.

"మైదా," అంది. ఆగింది.

నేను డబ్బా మూత తీసి పట్టుకున్నాను.

"మైదా... ఎయిట్ హండ్రెడ్... ప్లస్..." మళ్లీ ఆగింది. నా ముఖంలోకి చూసింది. గొంతు తగ్గించి తెలుగులో అడిగింది. "ఆంటీ, ఇరవైకి ఎంత?"

మేడం తలెత్తి చూసింది. భాష తెలియకపోయినా సంగతి ఎవరికైనా తెలుస్తుంది. చెఫ్ సారు కూడా చూశాడు. నా చేతికి తెలుసు, రెండు మగ్గులు పోసి ఇంకొంచెం పోస్తే సరిపోతుంది. కానీ ఆ ఇంకొంచెం ఎంతో మిషనుకి చెప్పాలి, అది నాకు రాదు. రూలు గుర్తొచ్చి నేను నోరు మూసుకోలేదు. చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ పిల్ల నా కళ్లలోకి చూస్తూనే ఉంది. చూసీ చూసీ, ఒక క్షణంలో ఆమెకు తెలిసిపోయింది. ఆమె ముఖంలో ముందు భయం పోయింది. దాని చోట ఇంకేదో వచ్చింది. జాలి లాంటిది. నా మీద.

వెంటనే గట్టిగా ఇంగ్లీషులో అంది. "సారీ మేడం, నేను చదవలేదు. నా తప్పు." తొమ్మిది వందలు మైదా అడిగింది. ఈస్టు ఎనిమిదంది. ఉప్పు దగ్గరికి వచ్చేసరికి కంగారుపడి, ఎనిమిదింటికి రాసిన నాలుగు గ్రాములను ఒక్కో బన్నుకి అనుకుని ఎనభై గ్రాములంది. అడిగినంత పోసిచ్చాను.

ఆ చేతులు ఎంత మంచివైనా అంత ఉప్పుతో ఏం చేస్తాయి? పిండి పొంగలేదు. బన్నులు గులకరాళ్లలా దిగాయి. మేడం ఒకటి విరిచి, వేలితో నొక్కి, రవ్వంత నోట్లో వేసుకుని, నీళ్లు తాగింది.

సాయంత్రం చెఫ్ సారు నా దగ్గరికి వచ్చాడు. "పిల్ల ఫెయిలైంది అక్కా, ఏం చేస్తం. గని నువ్వు మంచిగ చేసినవ్. మన పిల్ల, మన భాషల అడిగింది, అయినా నోరు మెదపలే. గా మేడం కూడా మెచ్చుకున్నది. గట్లుండాలె మనిషి."

"రూలు రూలే కదా సార్," అన్నాను.

ఆ మాట నేనే అన్నాను. ఎవరూ అనిపించలేదు. ఇదంతా రాయడంలో నాకు అన్నిటికంటే కష్టంగా ఉన్నది ఆ నాలుగు మాటలు రాయడమే.

హోటలు చోటు ఆ మలయి పిల్లకు వెళ్లింది. న్యాయంగానే వెళ్లింది. మా పిల్ల కాలేజీకి రావడం మానేసింది. ఒక ఆదివారం వాళ్ల అద్దె ఫ్లాటు వెతుక్కుంటూ వెళ్లాను. తల్లి తలుపు తీసింది.

"ఏటక్కా, ఇంత దూరం వొచ్చేసినావు? రా, రా. పాప లోపలుంది. డ్రింక్స్ స్టాల్లో పనికి కుదిరింది. కాలేజీ ఊసెత్తితే ఇంతెత్తు లేస్తంది. నువ్వైనా చెప్పు. నువ్వంటే దానికి దేవుడు."

ఆ చివరి మాటకు నేను గుమ్మం దాటలేకపోయాను. పిల్ల బయటికి వచ్చి, వరండాలోకి రమ్మని నన్ను పక్కకు తీసుకెళ్లింది. ఆరేసిన బట్టల కింద నిలబడ్డాం.

"నువ్వెందుకు వచ్చావు ఆంటీ?"

"ఆరోజు నేను చెప్పకూడదు కదమ్మా, పరీక్షలో..." అని మొదలుపెట్టాను.

"వద్దు ఆంటీ," అంది మెల్లగా. "రూలు కాదు. నీకు తెలీదు. నేను చూశాను."

నేను ఆరేసిన బట్టల వైపు తల తిప్పుకున్నాను.

"ఎవరికీ చెప్పలేదు, డోంట్ వర్రీ. అమ్మకి కూడా. కానీ ముందే ఎందుకు చెప్పలేదు ఆంటీ? చెప్పుంటే ఇద్దరం కలిసి పైకి వెళ్లేవాళ్లం కదా. నువ్వు పక్కన ఉంటే వాడు కిండర్‌గార్టెన్ అన్నా నాకు సిగ్గుండేది కాదు లా."

నా వయసులో సగం కూడా లేని పిల్ల. అరిచి ఉంటే బాగుండేది. తిట్టినా భరించేదాన్ని. ఆమె అలా మామూలుగా అడిగేసరికి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే కూలబడ్డాను. ఆమె లోపలికి వెళ్లి ఒక కప్పు వేడి మైలో కలిపి తెచ్చి చేతిలో పెట్టింది. ఎవరు ఎవరిని ఓదార్చాలి, చూడండి.

మర్నాడు చెఫ్ సారుకి చెప్పాను. ముందు నేను పరాచికాలాడుతున్నాననుకుని నవ్వాడు. తరవాత నవ్వు ఆగిపోయింది. చాలాసేపు ఓవెను తలుపు తుడుస్తూ ఉండిపోయాడు, అది శుభ్రంగానే ఉన్నా.

"నేను మెచ్చుకున్న రోజన్న చెప్పాల్సింది అక్కా," అన్నాడు చివరికి.

"అవును సార్."

"నాక్కూడ అడగాలని తోచలే. రేపటి సంది నువ్వు కూడ పైకి పో. ఆ పిల్లను తోల్కొని రా."

ఆమెను తీసుకురావడానికి రెండుసార్లు తిరిగాను. మూడోసారి, నేను కూడా కూర్చుంటున్నానంటే నమ్మక, చూడ్డానికని వచ్చింది. కుర్ర మాస్టారు నన్ను చూసి వినయంగా, "మీరు ఈ అమ్మాయి నాయనమ్మా? పేరెంట్స్ బయట కూర్చోవచ్చు," అన్నాడు. క్లాసంతా తిరిగి చూసింది. నాకు మెట్ల మీద నుంచి దొర్లి పోవాలనిపించింది. మా పిల్ల పక్క కుర్చీ లాగి నా ముందు పెట్టి, "నో సర్, షీ ఈజ్ ఆల్సో స్టూడెంట్," అంది. అందరూ నవ్వారు. ఆ కిండర్‌గార్టెన్ కుర్రాడి స్నేహితుడొకడు బల్ల చరిచాడు కూడా. నేను కూర్చున్నాను.

లెక్క ఎంత చిన్నదో తెలిశాక ఇంకా సిగ్గేసింది. ముందు ఒక బన్నుకి ఎంతో కనుక్కోవాలి, తరవాత ఎన్ని కావాలంటే అన్నిటికీ పెంచుకోవాలి. అంతే. ఆ మాత్రం దానికి నేను ఒక పిల్ల భవిష్యత్తును అడ్డం పెట్టాను. నాకు పట్టుబడడానికి రోజులు పట్టింది. ఆమెకు నాకంటే ముందే వచ్చేసింది. ఇంటికి వెళ్తూ ట్రైనులో, "ఆంటీ, చాప్‌స్టిక్స్ అడ్డంగా పెట్టి గీత గీసుకుంటావా ఏంటి, ఇంత వంకరగా ఉంది?" అని నా కాగితం చూసి వెక్కిరించేది. నేను మాట పడేదాన్ని. పడడం నా వంతు.

ఆర్నెల్లకు మళ్లీ పరీక్ష పెట్టారు. కౌంటరులో నన్ను వద్దు, ఇంకెవరినైనా పెట్టమన్నాను. చెఫ్ సారు ఒప్పుకోలేదు. "ఇప్పుడు నీకు తెలుసు కదా. తెలిసి నోరు మూసుకునుడు ఎట్లుంటదో నువ్వు కూడ చూడాలె," అన్నాడు. మంచివాడే, కానీ ఆరోజు ఆయన మీద కోపమొచ్చింది.

అదే మేడం వచ్చింది. చీటీ తీసింది. పన్నెండు.

మా పిల్ల కౌంటరు దగ్గరికి వచ్చింది. మైదా ఆరు వందలంది. సరే. పంచదార తొంభై. సరే. వెన్న అరవై. సరే. ఉప్పు ఆరు. ఈస్టు దగ్గరికి వచ్చేసరికి, "పన్నెండు," అంది.

ఎనిమిది బన్నులకు ఈస్టు ఆరు గ్రాములు. పన్నెండు గ్రాములంటే రెట్టింపు. నేను రేకు మగ్గుతో నేర్పిన లెక్కలో ఉన్నది అదొక్కటే కదా, రెట్టింపు చేయడం. అదే ఇప్పుడు ఆమె నోట్లోంచి వచ్చింది. నాలుక చివరకు తొమ్మిది అనే మాట వచ్చి ఆగింది. పళ్లు బిగబట్టాను. పన్నెండు పోసిచ్చాను. ఆమె తీసుకుని వెళ్లిపోయింది.

నేను ఆమె వైపు చూడకూడదని మైదా డబ్బా వైపు చూస్తూ నిలబడ్డాను. ఎంతసేపో తెలియదు. కౌంటరు మీద గిన్నె చప్పుడైంది. మా పిల్ల.

"ఎక్స్‌క్యూజ్ మీ ఆంటీ, తప్పు చెప్పాను. తొమ్మిది చాలు. మూడు వెనక్కి తీసుకోండి." నా ముఖం వైపు చూడలేదు. మిషను మీద అంకె తొమ్మిదికి వచ్చేదాకా దాన్నే చూసి, గిన్నె తీసుకుపోయింది.

పాసైంది. బన్నులు ఎంత బాగా పొంగాయంటే, మేడం ఒకటి తిని రెండోది రుమాల్లో చుట్టుకుంది. కానీ హోటలు చోటు మాత్రం తిరిగి రాలేదు. ఆ ఏడాది వాళ్లు మళ్లీ ఎవరినీ తీసుకోలేదు. పిల్ల పాసిర్ రిస్‌లో ఒక చిన్న రొట్టెల కొట్లో చేరింది. పెద్ద చోటికి చేరేసరికి ఇంకా చాలాకాలం పట్టింది. ఆ కాలమంతా వాళ్లమ్మ క్రాంజీ బస్సెక్కుతూనే ఉంది, అరిగిన మోకాళ్లతో. అందుకే ఎవరైనా 'చివరికి అంతా మంచే జరిగింది కదా ఆంటీ' అంటే నేను ఒప్పుకోను. నష్టం జరిగింది ఆ పిల్లకి. ఆలస్యం చేసింది నేను.

మీరు ఈ పనికి వస్తున్నవాళ్లు, నాకంటే బాగా చదువుకున్నవాళ్లు. మీకు నేను నేర్పేదేమీ లేదు. కానీ మీకూ ఎక్కడో ఒకచోట తెలియనిది ఉంటుంది. పిల్లలు సరిగ్గా అక్కడికే వచ్చి అడుగుతారు. ఆ రోజు నేను ఊపినట్టు తల ఊపకండి.

ఆ రెండో పరీక్ష అయిన సాయంత్రం మేమిద్దరం పిండి మిషను గిన్నె కడుగుతున్నాం. ఆమె ఉన్నట్టుండి అడిగింది. "ఆంటీ, నేను ఈస్టు పన్నెండు అన్నప్పుడు తప్పని నీకు తెలిసిందా?"

"తెలిసింది."

"నిజంగా? ఒట్టు?"

"ఒట్టు. తొమ్మిది."

ఆమె నా ముఖంలోకి పరీక్షగా చూసింది. నమ్మకం కుదిరాక పెద్దగా నవ్వింది. "అయితే ఈసారి నిజంగా రూలే లా!"

నవ్వుదామనే చూశాను. రాలేదు. గిన్నెలో నీళ్లు ఒంపేసి, మళ్లీ మొదటినుంచి కడగడం మొదలుపెట్టాను.